118 పౌండ్ల ఫిషింగ్ కయాక్‌ని ఒక్కడినే పికప్‌లోకి ఎక్కించేది ఎలా?

లిటిల్‌ఎల్మ్_గాలం

అందరికీ నమస్కారం. నేను డాలస్ దగ్గర లిటిల్ ఎల్మ్‌లో ఉంటాను, ఇంటి నుంచి లూయిస్‌విల్ లేక్ పది నిమిషాలు. చిన్నప్పుడు మా ఊరి చెరువులో వెదురు కర్రతో గాలం వేసేవాణ్ణి, ఆ అలవాటు ఇక్కడికొచ్చాక మళ్లీ పట్టుకుంది. మూడేళ్లు ఒడ్డున నిలబడే పట్టాను. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఫిషింగ్ కయాక్ కొన్నాను, అంటే ఒక్కరు కూర్చునే సన్నటి పడవ. 12 అడుగుల పొడవు, పెడల్స్ తొక్కితే నడిచే రకం, సీటూ డ్రైవూ అన్నీ కలిపి 118 పౌండ్లు, అంటే 53 కిలోల పైనే. నా ట్రక్ ఎఫ్-150 పికప్, వెనకాల సామాను పెట్టే తొట్టి, అదే బెడ్, ఆరున్నర అడుగులు.

నీళ్లలోకి దిగాక ఏ ఇబ్బందీ లేదు. ట్రక్‌లోకి ఎక్కించడమే నా వల్ల కావడం లేదు. కొన్నరోజు అమ్మినాయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటే అర నిమిషంలో లోపలికి వెళ్లిపోయింది, దాంతో ఇదేం పెద్ద పని కాదనుకున్నాను. నేను వెళ్లేది శనివారం తెల్లవారుజామున 5 గంటలకి. పాపకి రెండేళ్లు, ఆ టైములో నా భార్యని లేపితే ఇద్దరూ లేస్తారు. పోయిన శనివారం ఒక్కణ్ణే మధ్యలో రెండు చేతులూ వేసి, తొడ మీదకి తీసుకుని, ఒకేసారి లేపబోయాను. టెయిల్‌గేట్ (బెడ్ వెనక కిందకి తెరుచుకునే తలుపు) అంచుకి తగిలి వెనక్కి జారింది. పిక్క మీద జానెడు గీరుకుపోయింది, కయాక్ వెళ్లి డ్రైవ్‌వే మీద పడింది. అప్పటికి బాగానే ఉన్నా సాయంత్రానికి నడుం పట్టేసింది. నాలుగు రోజులు వంగి బూట్ల లేసులు కట్టుకోలేకపోయాను.

ఒక్కరే ఎక్కించుకునేవాళ్లు ఎలా చేస్తున్నారో చెప్పండి. ట్రెయిలర్ కొనమని మాత్రం అనకండి, మా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, బయట పెట్టనివ్వదు, గరాజ్‌లో రెండు కార్లకే చోటు చాలడం లేదు.

ట్రక్కు_బాబాయ్

ముందు నడుం పూర్తిగా తగ్గనీ తమ్ముడూ. ఈ శనివారం వెళ్లకు, చేపలు ఎక్కడికీ పోవు.

నాకు 58 ఏళ్లు. నాది 110 పౌండ్ల కయాక్, తొమ్మిదేళ్లుగా ఒక్కణ్ణే ఎక్కిస్తున్నాను. నువ్వు చేసిన పొరపాటు ఒక్కటే, మొత్తం బరువు ఒకేసారి చేతుల మీదకి తీసుకున్నావు. ఎప్పుడూ ఒక కొస నేల మీదో, బండి మీదో, టెయిల్‌గేట్ మీదో ఆని ఉండాలి. నువ్వు రెండో కొస మాత్రమే లేపాలి.

ముందు సీటు తీసెయ్, పెడల్ డ్రైవ్ తీసెయ్, రాడ్లు, సామాన్ల డబ్బా, యాంకర్, అన్నీ తీసి క్యాబ్‌లో పెట్టు. ఖాళీ డొల్లనే ఎక్కించాలి. కయాక్‌ని ట్రక్ వెనకాల నిలువుగా, మూతి టెయిల్‌గేట్ వైపు ఉండేలా పెట్టు. మూతికున్న పిడి పట్టుకుని ఆ కొస ఒక్కటే లేపి టెయిల్‌గేట్ మీద ఆనించు, అప్పుడు తోక నేల మీదే ఉంటుంది. అక్కడ ఆగి ఊపిరి పీల్చుకో. తర్వాత వెనక్కి వెళ్లి తోక లేపి ముందుకి నెట్టు. అంతే, రెండు సగాలుగా చేస్తున్నావన్నమాట.

తోక నేల మీద రాసుకుపోకుండా పాత డోర్‌మ్యాట్ ఒకటి కింద వెయ్యి. చక్రాల కార్ట్ ఉంటే ఇంకా మంచిది, తోక కింద కడితే నువ్వు నెట్టేకొద్దీ అదే దొర్లుకుంటూ వస్తుంది.

హ్యూస్టన్_తీరం

బాబాయ్ గారు చెప్పింది కరెక్టే. దానికి తోడు బెడ్ ఎక్స్‌టెండర్ కూడా తీసుకోండి బ్రో. ట్రక్ వెనక ట్రెయిలర్ తగిలించే గొట్టం (హిచ్ రిసీవర్) ఉంటుంది కదా, అందులోకి దూరే ఇనప చట్రం, పైన అడ్డంగా కడ్డీ ఉంటుంది, ఎత్తు మార్చుకోవచ్చు. దాన్ని టెయిల్‌గేట్ మట్టానికి పెట్టుకుంటే బెడ్ మూడు నాలుగు అడుగులు పొడుగైనట్టే. నేను గ్యాల్వెస్టన్ వైపు రెడ్‌ఫిష్‌కి వెళ్తుంటాను, నా ట్రక్ బెడ్ ఐదున్నర అడుగులే, అది లేకుండా నా 13 అడుగుల కయాక్ నిలవదు.

ఫిజియో_పద్మ

నేను ఫిజియోథెరపిస్టుని, ఇలాంటి నడుములు రోజూ చూస్తుంటాను, కాబట్టి నా వైపు నుంచి రెండు మాటలు.

అమెరికాలో పని చోట్ల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ బరువులెత్తడానికి ఒక లెక్క ఇచ్చింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండి, నడుం తిప్పకుండా, పట్టు బాగా దొరికితే, అప్పుడు కూడా పరిమితి 51 పౌండ్లే. ఒళ్లు కొంచెం తిప్పినా, చేతులు ముందుకి చాచినా ఆ అంకె గబగబా పడిపోతుంది. మీరు లేపబోయింది 118, అదీ తొడ మీద నుంచి పక్కకి తిరుగుతూ. డిస్క్‌కి ఏమీ కానందుకు సంతోషించండి.

సీటు, డ్రైవ్ తీసేస్తే ఎంత ఉంటుందో బాత్‌రూమ్ స్కేల్ మీద తూచి చూడండి. నొప్పి కాలిలోకి దిగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా ఇక్కడ అడగడం ఆపి డాక్టర్ దగ్గరకి వెళ్లండి. అలాంటిదేం లేకపోతే మంచం మీద పడుకుని ఉండొద్దు, మెల్లగా నడవండి.

ఇంకొకటి, తెల్లవారుజామున లేచీ లేవగానే వెంటనే బరువెత్తకండి. రాత్రంతా పడుకున్నాక వెన్నులో డిస్కులు నీరు పీల్చుకుని బిగిసి ఉంటాయి. ముందు కాఫీ తాగండి, సామాను సర్దండి, అటూ ఇటూ తిరగండి, కయాక్ పని ఆఖర్న పెట్టుకోండి.

లిటిల్‌ఎల్మ్_గాలం

థాంక్స్ పద్మ గారూ, నొప్పి కాలిలోకి లేదు, నడుం దగ్గరే, ఇప్పుడు చాలావరకు తగ్గింది. స్కేల్ మీద తూచాను. సీటు 7, డ్రైవ్ 17, రెండూ తీసేస్తే డొల్ల 94 పౌండ్లు. బాబాయ్ గారు చెప్పినట్టు ఒక కొసే లేపితే 47 అనమాట. మీరన్న 51 లోపే ఉంది.

లెక్కల_మాస్టారు_ప్లేనో

47 అనేది మొదటిసారి మూతి లేపినప్పుడే. రెండోసారి తోక లేపేటప్పుడు అంత కూడా పడదు, ఎందుకో చెప్తాను.

మన ఊళ్లలో ఏతం చూసే ఉంటారు. ఇదీ అంతే, ఆధారం ఎక్కడుందన్నదే లెక్క. 12 అడుగుల కయాక్, బరువంతా ఇంచుమించు నడిమధ్యలో, 6 అడుగుల దగ్గర ఉందనుకోండి. మూతి కొస సరిగ్గా టెయిల్‌గేట్ అంచు మీదే ఉంటే తోక లేపడానికి సగం, 47 పౌండ్లు. అదే మూతి 3 అడుగులు లోపలికి వెళ్లి ఉంటే ఆధారం నుంచి బరువు మధ్యకి 3 అడుగులు, మీ చేతులకి 9 అడుగులు. 94ని 3తో హెచ్చించి 9తో భాగించండి, 31 పౌండ్లు. 4 అడుగులు లోపలుంటే 2 బై 8, అంటే 23న్నర.

అందుకని మూతిని అంచు మీద పెట్టి వదిలెయ్యకండి. మూతి ఆనించాక పక్కకొచ్చి అంచుని పట్టుకుని, తోక ఇంకా నేల మీదే ఉండగా, వీలైనంత లోపలికి జరపండి. ఒక అడుగు లోపలికి పోయినా వెనక బరువు తగ్గుతుంది.

ట్రక్కు_బాబాయ్

మాస్టారూ, తొమ్మిదేళ్లుగా చేస్తున్నదానికి ఈ రోజు లెక్క తెలిసింది. నేను అలవాటు కొద్దీ లోపలికి జరిపేవాణ్ణి, ఎందుకు తేలికవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

భీమిలి_అల

నేను భీమిలి దగ్గర వేట చేసే కుటుంబంలో పుట్టాను, ఇప్పుడు కెనడాలో ఉంటున్నాను. మా నాన్న తరం తెప్పల మీద వెళ్లేవాళ్లు, ఆ తర్వాత ఫైబర్ బోట్లు వచ్చాయి. తడి తెప్ప ఎంత బరువుంటుందో మోసినవాడికే తెలుసు. ఇసకలో ఎవరూ ఎత్తి నడవరు. కింద దుంగలు వేసి దొర్లిస్తారు, వెనకాల బయటపడ్డ దుంగని పరిగెత్తి తెచ్చి మళ్లీ ముందు వేస్తారు. నా చిన్నప్పటి పని అదే, దుంగ మోయడం. దుంగ వెయ్యడం ఒక్క క్షణం ఆలస్యమైతే తెప్ప ఇసకలో దిగబడిపోయేది, మళ్లీ కదపాలంటే నలుగురు కావాలి.

మీ ట్రక్‌లో కూడా అదే చెయ్యండి అన్నా. టెయిల్‌గేట్ మీద అడ్డంగా ఒక పీవీసీ గొట్టం వేసి చూడండి. నెట్టడం ఎంత తేలికవుతుందో మీకే తెలుస్తుంది. వదులుగా వేస్తే మాత్రం దొర్లి కింద పడుతుంది, రెండు వైపులా తాడుతో కొంచెం సందు ఉంచి కట్టండి.

ఆస్టిన్_సుధ

నేను ఐదడుగుల ఒక్క అంగుళం, నాది 75 పౌండ్ల కయాక్. లేడీ బర్డ్ లేక్‌కి వారంలో రెండుసార్లు ఒక్కదాన్నే వెళ్తాను. నా వైపు నుంచి నీళ్ల సంగతి చెప్తాను, ఎవరూ అనలేదు.

వెళ్లేటప్పుడు బాగానే ఎక్కుతుంది, వచ్చేటప్పుడు ఎక్కదు, అలసిపోయాం కాబట్టి అనుకుంటాం. చాలాసార్లు కారణం లోపల చేరిన నీళ్లు. స్కప్పర్ రంధ్రాల (పైన పడ్డ నీళ్లు కిందకి కారిపోయే రంధ్రాలు) పక్కన సన్నటి పగులున్నా, హ్యాచ్ మూత సరిగ్గా పడకపోయినా డొల్లలోకి నీళ్లు దిగుతాయి. ఒక గ్యాలన్ నీళ్లు 8 పౌండ్ల పైన. మూడు గ్యాలన్లు చేరితే 25 పౌండ్లు అదనం, పైగా అవి ఒక చోట ఉండవు, మీరు మూతి లేపగానే అన్నీ బుడుంగున తోకలోకి వెళ్తాయి, తోక లేపగానే ముందుకి వస్తాయి. మీరు లేపుతున్న కయాక్ చేతుల్లోనే ఊగుతుంది. అందుకని డ్రెయిన్ ప్లగ్ తీసి, ఆ వైపు కిందకి వంచి, చుక్క కూడా లేకుండా కారిన తర్వాతే ట్రక్ దగ్గరకి తీసుకెళ్లండి.

టెక్సస్‌లో ఇది చట్టం కూడా. జీబ్రా మజిల్స్ పాకకుండా పబ్లిక్ లేక్ వదిలే ముందు పడవలో నీళ్లన్నీ తీసెయ్యాలి, కయాక్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. మీ లూయిస్‌విల్ లేక్‌లో అవి ఎప్పుడో చేరాయి. గోరంత గుల్లలు, నీళ్ల పైపుల్లో చేరి పూడ్చేస్తాయి. ఒక లేక్‌లో ఉన్నవాటిని ఇంకో లేక్‌కి మనమే మోసుకెళ్లకూడదు.

హ్యూస్టన్_తీరం

సుధ అక్క చెప్పిన నీళ్ల సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. నాకు ఒకసారి హ్యాచ్ రబ్బరు పోయి సగం రోజు నీళ్లు ఎక్కాయి, నాకు బలం తగ్గిపోయిందేమో అని భయమేసింది.

ఇంకో మాట, బెడ్‌లో ముందు గోడకి చేతితో తిప్పే వించ్ బిగించుకున్నవాళ్లు ఉన్నారు. మూతికి కొక్కెం తగిలించి తిప్పుకుంటూ పోతే లోపలికి వచ్చేస్తుంది.

ట్రక్కు_బాబాయ్

వించ్ నాకు నచ్చదు తమ్ముడూ. మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. లాగడం వరకు బాగానే ఉంటుంది, కానీ కయాక్ మూతికున్న పిడి రెండు మరల మీద నిలబడేది. చెయ్యి పెట్టి మొయ్యడానికే అది, 90 పౌండ్లు ఏటవాలుగా లాగడానికి కాదు. మా ఫ్రెండ్‌ది పిడి ఊడొచ్చింది, తాడు కొరడాలాగా వెనక్కి వచ్చి చెంప మీద తగిలింది. కన్నుకి రెండంగుళాల దూరం. వాడాలనుకుంటే పిడికి కాదు, డొల్ల చుట్టూ పట్టీ వేసి దానికి తగిలించు, తాడుకి ఎదురుగా మాత్రం నిలబడకు.

హ్యూస్టన్_తీరం

ఒప్పుకుంటున్నా బాబాయ్. పట్టీ చుట్టి లాగడమే సరైనది. నేను పిడికే తగిలిస్తున్నాను, రేపే మారుస్తాను.

కెల్లర్_రాము

ఎక్కించడం గురించి అందరూ చెప్పారు, కట్టడం గురించి నేను చెప్తాను, ఎందుకంటే నా కయాక్ రోడ్డు మీద పడింది.

రెండు రాట్చెట్ స్ట్రాప్‌లతో (పిడి ఆడిస్తూ బిగించే పట్టీలు) అడ్డంగా రెండు చోట్ల గట్టిగా బిగించాను. కదిపి చూస్తే ట్రక్ ఊగింది గానీ కయాక్ కదల్లేదు. సిగ్నల్ దగ్గర ఆగి, గ్రీన్ పడగానే కదిలాను. అంతే, వెనకాల గరగరమని శబ్దం. అద్దంలో చూస్తే కయాక్ సగం బయట ఉంది, నేను ఆపేలోపే మొత్తం జారి రోడ్డు మీద పడింది. వెనక కారామె దూరంగా ఆపింది కాబట్టి సరిపోయింది. ఆమె కారు దిగి, నేను ఏమీ అడగకుండానే ఒక కొస పట్టుకుంది. నా చేతులు ఎంత వణికాయంటే స్ట్రాప్ బకిల్ పట్టుకోలేకపోయాను.

తప్పు ఎక్కడంటే, అడ్డంగా కట్టినవి పైకి లేవకుండా ఆపుతాయి గానీ వెనక్కి జారకుండా ఆపవు. కయాక్ అడుగు నున్నగా ఉంటుంది, మూతి సన్నబడుతూ ఉంటుంది, ఒక్క అంగుళం జారితే స్ట్రాప్ వదులైపోతుంది, ఇక ఆగదు. ముందుకి లాగి పట్టే తాడు ఒకటి తప్పనిసరి. నేను ఇప్పుడు తోక దగ్గర నుంచి ఒక స్ట్రాప్‌ని ఇంగ్లీష్ వి ఆకారంలో తీసుకొచ్చి బెడ్ ముందు మూలల్లో ఉన్న కొక్కేలకి కడుతున్నాను. ముందు అది, తర్వాతే అడ్డంగా రెండు.

రాట్చెట్ కూడా మానేశాను. ప్లాస్టిక్ మీద దాన్ని ఎంత బిగిస్తున్నామో చేతికి తెలియదు, టెక్సస్ ఎండకి డొల్ల మెత్తబడి సొట్ట పడుతుంది. చేత్తో లాగి బిగించే క్యామ్ బకిల్ పట్టీలు చాలు. పట్టీని ఒక మెలిక తిప్పి కడితే గాలికి మోత కూడా రాదు.

లిటిల్‌ఎల్మ్_గాలం

రాము అన్నా, ఇది చదివి నిజంగా టెన్షన్ వచ్చింది. నేనూ అడ్డంగా రెండే కడుతున్నాను. వి ఆకారంలో కట్టిన ఫోటో ఉంటే పెట్టండి ప్లీజ్.

కెల్లర్_రాము

ఫోటో సాయంత్రం పెడతాను. ఇంకోటి, ఎర్ర జెండా కూడా కట్టండి. టెక్సస్‌లో బెడ్ దాటి నాలుగు అడుగులో అంతకన్నా ఎక్కువో బయటికొస్తే పగలు 12 అంగుళాల చదరపు ఎర్ర జెండా ఉండాలి, రాత్రి ఎర్ర లైట్లు ఉండాలి. మీ బెడ్ ఆరున్నర, కయాక్ పన్నెండు, అంటే ఐదున్నర అడుగులు బెడ్ బయటే. తెరిచిన టెయిల్‌గేట్ మీద కొంత ఉన్నా దాన్ని లెక్కలో వేసుకోకండి. మీరు బయల్దేరేది చీకట్లో కాబట్టి లైట్ల సంగతి తప్పకుండా చూసుకోండి. బండి వెనక ఎంతవరకు బయటికి రావచ్చన్నదానికి కూడా పరిమితి ఉంది, ఆ రూలు ఒకసారి చదువుకుని, టేపు పెట్టి కొలుచుకోండి.

లెక్కల_మాస్టారు_ప్లేనో

ఇక్కడ బెడ్ పొడవు ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. ఆరున్నర అడుగుల బెడ్‌లో 12 అడుగుల కయాక్ మూతి ముందు గోడకి ఆనితే, బరువు మధ్య 6 అడుగుల దగ్గర కాబట్టి బెడ్ మీదే పడుతుంది. ఐదున్నర అడుగుల బెడ్ అయితే ఆ మధ్య టెయిల్‌గేట్ మీదకి వచ్చేస్తుంది, గుంతలో పడ్డప్పుడల్లా టెయిల్‌గేట్ కేబుళ్లు మొయ్యాలి. హ్యూస్టన్ తమ్ముడికి ఎక్స్‌టెండర్ ఎందుకు తప్పనిసరో, లిటిల్ ఎల్మ్ తమ్ముడికి ఎందుకు కాదో అక్కడే ఉంది.

లిటిల్‌ఎల్మ్_గాలం

రెండు వారాల తర్వాత వస్తున్నాను. నిన్న వెళ్లొచ్చాను, ఏం జరిగిందో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ఇంటి దగ్గర: సీటు, డ్రైవ్, డబ్బా అన్నీ క్యాబ్‌లో పెట్టాను. టెయిల్‌గేట్ మీద పీవీసీ గొట్టం కట్టాను. బెడ్‌లో రబ్బరు మ్యాట్ ఉంది, మొదటిసారి దాని మీదే నెట్టాను, మూతి ఒక అడుగు లోపలికెళ్లి జిగురు పెట్టినట్టు ఆగిపోయింది. ఎంత నెట్టినా రాదు. రబ్బరు జారకుండా పట్టుకుంటుందన్న సంగతి నాకు తట్టలేదు. మ్యాట్ మీద పాత కార్పెట్ ముక్క తిరగేసి వేశాను. మళ్లీ నెడితే నా చెయ్యి కన్నా ముందే వెళ్లిపోయింది. మొత్తం ఆరు నిమిషాలు, నడుం మీద ఏమీ తెలియలేదు.

లేక్ దగ్గర, వచ్చేటప్పుడు: ఇక్కడే కష్టపడ్డాను. ర్యాంప్ పక్కన, ట్రక్ వెనక భాగం నీళ్ల వైపు ఉండేలా ఆపాను, దగ్గరగా ఉంటుంది కదా అని. మూతి ఎక్కించి వెనక్కి వెళ్లేలోపు కయాక్ దానంతటదే జారడం మొదలెట్టింది, తోక కింద కార్ట్ చక్రాలు కిందకి దొర్లుతున్నాయి. మోకాలు అడ్డం పెట్టి ఆపాను. నాచు మీద కాలు జారి ఉంటే ఏమయ్యేదో. ఒక పెద్దాయన దూరం నుంచి చూసి వచ్చి పట్టుకున్నారు.

కాబట్టి ఇంటి దగ్గర సమస్య తీరింది, లేక్ దగ్గర ఇంకా తీరలేదు.

గోదారి_గట్టు

ఎప్పుడూ చదవడమే, ఇదే నా మొదటి పోస్టు. మాది కొత్తపేట వైపు, కొబ్బరి, వరి. మా ఊళ్లో ధాన్యం బస్తాలు ట్రాక్టర్‌కి ఎక్కించేటప్పుడు ట్రాక్టర్‌ని రోడ్డు మీద నిలపరు. గట్టు పక్కన పల్లంలోకి దింపి, తొట్టి వెనక భాగం గట్టుకి ఆనేలా పెడతారు. బస్తా మోసేవాడు గట్టు మీద నడుచుకుంటూ వస్తాడు, తొట్టి అతని మోకాలి ఎత్తుకి వస్తుంది. పైకెత్తాల్సిన పనే ఉండదు.

మీ లేక్ దగ్గర పార్కింగ్‌లో ఎక్కడైనా గడ్డి గట్టు ఉందేమో చూడండి. ట్రక్‌ని వెనక్కి తెచ్చి ఆ గట్టుకి ఆనించండి, మీరు గట్టు మీద నిలబడండి. ఒక అడుగు ఎత్తు దొరికినా టెయిల్‌గేట్ ఒక అడుగు కిందకి దిగినట్టే. ఇంకా మంచిది ఏంటంటే ట్రక్ ముందు భాగం కొంచెం పల్లం వైపు ఉండేలా చూసుకోండి. అప్పుడు బెడ్ మీ నుంచి అవతలికి వాలి ఉంటుంది, కయాక్ మీ మీదకి రాదు, లోపలికే పోతుంది. నిన్న మీరు సరిగ్గా దీనికి తలకిందులుగా చేశారు. పార్కింగ్ బ్రేక్ మాత్రం గట్టిగా వెయ్యండి.

ట్రక్కు_బాబాయ్

అద్భుతం అండీ. నేను తూర్పు గోదావరి వాణ్ణే, ఈ గట్టు చిన్నప్పుడు వెయ్యిసార్లు చూశాను, ట్రక్‌కి వాడొచ్చని ఎప్పుడూ తట్టలేదు.

ఫిజియో_పద్మ

ఇది చాలా మంచి సలహా. నేల నుంచి మోకాలి దాకా లేపడం, నడుం ఎత్తు నుంచి భుజం దాకా లేపడం, ఈ రెండిట్లోనే ఎక్కువమందికి దెబ్బ తగులుతుంది. మోకాలికీ నడుముకీ మధ్యలో జరిగే పని చాలా తేలిక.

వచ్చేటప్పుడు కయాక్ దిగగానే మొదలెట్టకండి. నాలుగు గంటలు కూర్చుని ఉంటారు, నడుం గుండ్రంగా వంగిపోయి ఉంటుంది. నీళ్లు తాగి, ఐదు నిమిషాలు నడిచి, అప్పుడు.

ఆస్టిన్_సుధ

కార్ట్ చక్రాలకి అడ్డం ఒక చెక్క ముక్కో రాయో పెట్టుకోండి తమ్ముడూ. నా కార్ట్‌కి రెండు చెక్క ముక్కలు తాడుతో కట్టేసి ఉంటాయి, ఎప్పుడూ మర్చిపోను. అలాగే ఎవరైనా సాయం చేస్తామంటే వద్దనకండి. నేను మొదట్లో ఆడదాన్ని, చేతకాదు అనుకుంటారని వద్దనేదాన్ని. ఇప్పుడు "ఆ కొస కొంచెం పట్టుకోండి" అని నేనే అడుగుతాను.

లిటిల్‌ఎల్మ్_గాలం

ఈ రోజు మళ్లీ వెళ్లాను. పార్కింగ్ చివర, చెట్ల కింద గడ్డి గట్టు ఉంది, ఇన్నాళ్లూ దాని మీద కూర్చుని బూట్లు మార్చుకునేవాణ్ణి, అదే ఇది అని తెలియలేదు. ట్రక్ ముందు భాగం పల్లానికి, వెనక భాగం గట్టుకి. సుధ అక్క చెప్పినట్టు ప్లగ్ తీసి వంచితే దాదాపు రెండు గ్యాలన్లు కారింది. నీళ్లు కారిపోయాక కార్ట్ మీద గట్టు ఎక్కించి, చక్రాలకి చెక్క పెట్టి, మూతి లేపాను. తొడ ఎత్తు కూడా లేదు. తోక లేపి నెడితే గొట్టం గిర్రున తిరిగింది, మూతి వెళ్లి ముందు గోడకి తగిలి టక్ మంది.

వి స్ట్రాప్, అడ్డంగా రెండు, ఎర్ర జెండా. ఇంటికొచ్చే దాకా అంగుళం కదల్లేదు.

గోదారి గట్టు గారూ, మీకు ప్రత్యేకంగా థాంక్స్. మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన బస్తాలు మోసినవారే. "మరి నన్ను అడగొచ్చు కదరా" అన్నారు.

ఇంట్లో దించడానికి కూడా ఒకటి చేశాను. గరాజ్ గోడ పక్కన టూ-బై-ఫోర్ చెక్కలతో రెండు స్టాండ్లు కొట్టాను, టెయిల్‌గేట్ ఎంత ఎత్తో అంతే ఎత్తు. ట్రక్ రివర్స్‌లో పెట్టి కయాక్‌ని బెడ్ మీద నుంచి నేరుగా స్టాండ్ మీదకి లాగేస్తున్నాను, వచ్చే శనివారం మళ్లీ అక్కడి నుంచే లోపలికి నెడతాను. నేల మీదకి దించే పనే లేదు.

మెకిన్నీ_కొత్తవాణ్ణి

అన్నా, నాదీ 12 అడుగులే, ట్రక్ కూడా అదే. స్టాండ్ కొలతలు చెప్తారా?

లిటిల్‌ఎల్మ్_గాలం

మీ టెయిల్‌గేట్ తెరిచి నేల నుంచి మీరే కొలవండి తమ్ముడూ, టైర్లని బట్టి మారుతుంది. నాది 36 అంగుళాలు వచ్చింది. స్టాండ్ల మధ్య దూరం 5 అడుగులు, వెడల్పు 40 అంగుళాలు. ట్రక్ వైపు స్టాండ్ మీద ఇనప కడ్డీకి పీవీసీ గొట్టం తొడిగాను, అది తిరుగుతుంది. రెండో దానికి కార్పెట్ ముక్క మేకులు కొట్టాను. రెండిటినీ గోడకి బోల్టులతో బిగించండి, లేకపోతే మీరు లాగేటప్పుడు స్టాండే మీతో పాటు వచ్చేస్తుంది.